ఘాట్ రోడ్డు కారుకు బ్రేక్ రోటర్లు: ఎప్పటిదాకా వాడాలి, ఎప్పుడు మార్చాలి (ప్రాజెక్టు డైరీ)

ఓడోమీటర్ 61,200

మా హ్యాచ్‌బ్యాక్ ముందు చక్రాల బ్రేక్ డిస్కులు, అంటే రోటర్లు, ఇంకా పనికొస్తాయా, లేత్ పట్టించాలా (అంటే లేత్ మీద ముఖం చెక్కించి చదును చేయించాలా), కొత్తవి వేయాలా? ఎవరి మాటా నమ్మకుండా కొలిచి తేల్చుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు. మార్చక తప్పకపోతే ఇంట్లోనే మారుస్తాను.

కారు తిరుపతిలో ఉంటుంది. మా చెల్లెలికి తిరుమలలో ఉద్యోగం. వారంలో చాలా రోజులు ఈ కారే కొండెక్కి దిగుతుంది. కొన్నాళ్లుగా ఆమె ఒకటే మాట చెబుతోంది: "అన్నా, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది." నేను నడిపి చూశాను. నిజమే. నెమ్మదిగా ఉన్నప్పుడు పెడల్ కింద చిన్న కదలిక, బైపాస్ మీద 80లో బ్రేకు వేస్తే స్టీరింగ్‌లో స్పష్టమైన వణుకు. బ్రేకు వదిలితే ఏమీ లేదు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే, అదీ స్టీరింగ్‌లో వస్తోందంటే ముందు డిస్కుల మీదే మొదటి అనుమానం. వేగంలో ఎప్పుడూ వణుకుతుంటే వీల్ బ్యాలెన్సింగ్ చూడాలి. సీటు కింద వణికితే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు చూడాలి.

ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగాను. చక్రం విప్పకుండానే "60 వేలు దాటింది కదా సార్, డిస్కులు, ప్యాడ్లు సెట్టు మార్చేద్దాం" అన్నారు. ప్యాడ్లంటే డిస్కును రెండు వైపుల నుంచి నొక్కిపట్టే పలకలు. అది సరైన సలహానే కావచ్చు. కానీ ఒక్క కొలత కూడా తీయకుండా చెప్పిన సలహాకు డబ్బు కట్టడం నాకు నచ్చలేదు. డిస్కు మీద కిలోమీటర్లు రాసి ఉండవు. దాని మీద రాసి ఉండేది కనీస మందం. కంపెనీ వాళ్లే అచ్చు వేసి పెట్టిన ఆ అంకెను చూడకుండా నిర్ణయం ఎలా చెబుతారు?

ఓడోమీటర్ 61,260: మొదటి కొలతలు

ఆదివారం పొద్దున్నే, డిస్కులు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టాను. ఇంటి ముందు చదునైన సిమెంటు నేల ఉంది. కారుకు హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వీల్ నట్లు కొద్దిగా వదులు చేశాక జాకీ ఎత్తాను. ఎత్తిన తర్వాత కారు బరువు యాక్సిల్ స్టాండ్ల మీద ఉండాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి చక్రం విప్పిన కారు కిందకు చెయ్యి పెట్టకూడదు. దీంట్లో రాజీ లేదు.

డిస్కు అంచు మీద తుప్పు, దుమ్ము పట్టి అక్షరాలు కనబడలేదు. వైరు బ్రష్‌తో రుద్దితే "మిన్ టీహెచ్ 18" అని బయటపడింది. అంటే 18 మి.మీ. కంటే పలచబడితే ఆ డిస్కు వాడకూడదు. మా కారుకు కొత్త డిస్కు 20 మి.మీ. ఉంటుంది. అరగడానికి మొత్తం అవకాశం 2 మి.మీ., అంటే ఒక్కో వైపు 1 మి.మీ. మాత్రమే. మీ కారుకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి. డిస్కు మీద ఉన్నదే చూడండి.

కొలవడంలో ఒక మెలిక ఉంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు కాబట్టి అక్కడ చిన్న గట్టు మిగిలిపోతుంది. మామూలు వెర్నియర్ కాలిపర్ దవడలు ఆ గట్టు మీద ఆనుకుని ఎక్కువ మందం చూపిస్తాయి. బతికే ఉందిలే అనుకున్న డిస్కు నిజానికి ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు. అందుకే 0–25 మి.మీ. మైక్రోమీటర్ వాడాను. అది లేనివాళ్లు ఒకే రకం నాణేలు రెండు తీసుకుని, చెరో వైపు పెట్టి వెర్నియర్‌తో కొలిచి, రెండు నాణేల మందం తీసేస్తే చాలా దగ్గరి లెక్క వస్తుంది. అంచు నుంచి 10 మి.మీ. లోపలికి, డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల సుద్దతో గుర్తు పెట్టి కొలిచాను.

ఎడమ డిస్కు: ఎక్కువ మందం 18.50, తక్కువ 18.46.
కుడి డిస్కు: ఎక్కువ 18.91, తక్కువ 18.90.

రెండూ 18 పైనే ఉన్నాయి. "ఇంకా ఉంది" అని మూసేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఎడమ డిస్కులోని ఆ 0.04 తేడాయే వణుకుకు మూలం. వెంట్రుక మందమంత కూడా లేని తేడా ఇది. అయినా 80లో చక్రం సెకనుకు 11, 12 సార్లు తిరుగుతుంది. మందంగా ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ ప్యాడ్లను నొక్కే పిస్టన్ వెనక్కి నెట్టబడి, బ్రేకు బలం పెరిగి తగ్గుతుంది. ఆ పెరుగుదల, తగ్గుదలే కాలికీ చేతికీ తెలుస్తోంది. 0.02 తేడా ఉన్నా చాలా కార్లలో వణుకు తెలుస్తుంది.

డిస్కు తిరుగుతూ పక్కకు ఎంత ఊగుతుందో చూపే డయల్ గేజిని అయస్కాంతపు స్టాండుతో సస్పెన్షన్ మీద నిలబెట్టి, వీల్ నట్లు వాషర్లతో బిగించి, డిస్కును చేత్తో తిప్పాను. ఎడమవైపు ముల్లు 0.12 మి.మీ. ఊగింది. కుడివైపు 0.04. చాలా కార్లకు అనుమతించే ఊపు 0.10 లోపే ఉంటుంది. కొన్నింటికి 0.05 దాటకూడదు.

ఓడోమీటర్ 61,260, అదే రోజు మధ్యాహ్నం: ప్యాడ్లు చెప్పిన సంగతి

బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం, కొలిచే వెర్నియర్ కాదు) కింది బోల్టు తీసి పైకి తిప్పి ప్యాడ్లు బయటకు లాగాను. ఎడమ చక్రం బయటి ప్యాడ్‌లో 6 మి.మీ. మిగిలింది. లోపలి ప్యాడ్‌లో మూడున్నరే. కుడివైపు రెండూ దాదాపు 6. కొత్త ప్యాడ్ మెటీరియల్ సాధారణంగా 10 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. 3కు వచ్చిందంటే మార్చే వేళ.

ఒకే చక్రంలో లోపలిది ఎక్కువ అరిగిందంటే కాలిపర్ స్వేచ్ఛగా జరగడం లేదు. కాలిపర్ అటూ ఇటూ జారే స్లైడింగ్ పిన్నులు లాగి చూస్తే కుడివైపువి వేలితో జరిగాయి. ఎడమవైపు పై పిన్ను మెలితిప్పితే గానీ కదల్లేదు. దాని రబ్బరు బూటు చిరిగి నీళ్లు లోపలికి పోయాయి, గ్రీజు ఎండిపోయింది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది, కాలిపర్ జారలేక బయటి ప్యాడ్‌ను సరిగ్గా లాక్కోలేకపోతుంది. బ్రేకు వదిలాక కూడా ప్యాడ్ డిస్కును ఒరుసుకుంటూనే ఉంటుంది. ఎడమ డిస్కు కుడిదానికంటే ఎందుకు ఎక్కువ అరిగిందో ఇక్కడ తేలిపోయింది.

కొత్త డిస్కులు వేసి ఈ పిన్నును అలాగే వదిలేసి ఉంటే ఆ డిస్కూ ఇదే దారి పట్టేది. డిస్కు మార్చడమంటే డిస్కు ఒక్కటే మార్చడం అనుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే: అది ఎందుకు అరిగిందో తెలియకుండా మార్చకండి.

ఓడోమీటర్ 61,300: కొండ లెక్క

డిస్కులు ఎన్నాళ్లు వస్తాయన్న ప్రశ్నకు ఎక్కడ అడిగినా 50 వేల నుంచి లక్ష పైచిలుకు దాకా అని సమాధానం వస్తుంది. అంత వెడల్పున్న సమాధానం దేనికీ పనికిరాదు. అందుకని మా నెల్లూరు మామయ్య కారు పోయినసారి వచ్చినప్పుడు దాని డిస్కులు కొలిచాను. అదే మోడల్. ఎక్కువగా 16వ నంబరు జాతీయ రహదారి మీద నెల్లూరు, చెన్నై మధ్య తిరుగుతుంది. 94 వేల కిలోమీటర్లకు డిస్కు మందం 19.20. అంటే 10 వేలకు 0.085 మి.మీ. అరుగుదల. మా ఎడమ డిస్కు 61 వేలకు 1.54 పోగొట్టుకుంది, అంటే 10 వేలకు 0.25. ఒకే మోడల్, ఒకే రకం డిస్కు, అరుగుదల మూడింతలు. హైవే మీద మైళ్ల తరబడి బ్రేకు ముట్టుకోరు. ఇక్కడ ఊళ్లో సిగ్నళ్లు, ఆ పైన కొండ.

కొండ ఎంత పని చెబుతుందో లెక్క వేసి చూశాను. మనుషులతో కలిపి కారు 1,200 కిలోలు అనుకుందాం. 80 వేగంలో దాని శక్తి సుమారు 3 లక్షల జౌళ్లు, పూర్తిగా ఆపితే అదంతా వేడిగా మారాలి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి మూడింట రెండొంతుల పని ముందు చక్రాలదే. రెండు ముందు డిస్కులూ కలిపి 10 కిలోల పోత ఇనుము అనుకుంటే, ఒక్కసారి ఆపినందుకు అవి సుమారు 40 డిగ్రీలు వేడెక్కుతాయి. అది తట్టుకోదగ్గ వేడే. కాసేపు గాలి తగిలితే చల్లబడతాయి.

ఇప్పుడు కొండ దిగడం. తిరుమల నుంచి తిరుపతికి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంత ఎత్తు నుంచి 1,200 కిలోలు దిగితే బయటపడే శక్తి 82 లక్షల జౌళ్లు. అంటే 80 వేగం నుంచి 27 సార్లు ఆపినంత. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నాం. 19 కిలోమీటర్ల పొడవు, 36 మలుపులు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది. ఆ శక్తిని 40 నిమిషాలకు పంచితే మూడు కిలోవాట్లు దాటుతుంది. ఇంట్లో ఇన్‌స్టంట్ గీజర్ అంతసేపు ఆపకుండా వేసి ఉంచినట్టు. ఇందులో మూడో వంతు దాకా టైర్ల రాపిడి తీసుకుంటుంది. మిగతాది ఇంజను తీసుకోవాలి, లేదా బ్రేకులు తీసుకోవాలి. ఎవరెంత తీసుకుంటారన్నది గేరు నిర్ణయిస్తుంది.

నాలుగో గేరులో దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే మిగతాదాంట్లో చాలా భాగం బ్రేకుల మీద పడుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే కారును పట్టుకుంటుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే పడుతుంది. న్యూట్రల్‌లో వేసి దిగేవాళ్లను ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర నిలబడితే ముక్కుతోనే గుర్తుపట్టవచ్చు. ఆ కాలిన వాసన వస్తుంటే నాకు టెన్షన్. పెట్రోలు మిగులుతుందని అలా చేస్తారు. నిజానికి ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో, యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు ఇంధనం సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌కే పెట్రోలు కాలుతుంది. 2022 నుంచి కొండకు తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులకు ఈ విషయంలో మేలు ఎక్కువ. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బస్సును పట్టుకుంటుంది, కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి చేరుతుంది.

ఓడోమీటర్ 61,340: లేత్ పట్టించాలా?

మా వీధి చివర మెకానిక్ అన్నకు కొలతలు చూపించాను. ఆయన ముప్పై ఏళ్లుగా ఘాట్ జీపులకు బ్రేకులు చేస్తున్న మనిషి. కాగితం చూసి చెప్పాడు: "సామీ, లేత్ పట్టిస్తే వణుకు పోతాది. కానీ దాంట్లో ఇంక ఇనుము ఎక్కడుంది?"

సరిగ్గా అదే లెక్క. ముఖం చదును చేయాలంటే ఒక్కో వైపు కనీసం 0.2 మి.మీ. తీయాలి. రెండు వైపులా 0.4. మా ఎడమ డిస్కు 18.46 నుంచి 18.06కి వస్తుంది. 18కి 0.06 మాత్రమే మిగులుతుంది. మాకు 10 వేలకు 0.25 అరుగుతోంది. రెండు వేల కిలోమీటర్లకే గీత దాటుతుంది. పలచబడ్డ డిస్కుకు వేడి దాచుకునే ఇనుము కూడా తక్కువ, అదే కొండకు అదే డిస్కు మరింత వేడెక్కుతుంది. మందం బాగా మిగిలిన డిస్కుకు లేత్ మంచి మందే. మాది ఆ దశ దాటిపోయింది.

లేత్ లేకుండా కొత్త ప్యాడ్లు మాత్రం వేస్తే? ఇక్కడ నాకు నచ్చిన లెక్క ఒకటి దొరికింది. ఈ రోజు 18 పైన ఉందా అని అడిగితే చాలదు. వచ్చే ప్యాడ్ల జీవితం పూర్తయ్యేదాకా 18 పైన ఉంటుందా అని అడగాలి. సర్వీసు పుస్తకం ప్రకారం ఈ కారుకు ప్యాడ్ల సెట్టు 30 వేలు వస్తోంది. ఆ 30 వేలలో ఎడమ డిస్కు 0.75 అరుగుతుంది. మిగిలింది 0.46. చాలదు. మధ్యలో, సగం అరిగిన ప్యాడ్లతో, డిస్కు గీత దాటుతుంది. అప్పుడు కొత్త డిస్కు మీద పాత ప్యాడ్లు వేయాలి, లేదా సగం జీవితం ఉన్న ప్యాడ్లు పారేయాలి. రెండూ నష్టమే.

కుడి డిస్కులో ఇంకా 0.90 ఉంది. అది ఒక్కటే అయితే మరో ప్యాడ్ల సెట్టు నడిచేది. కానీ డిస్కులు ఒకే యాక్సిల్ మీద జతగానే మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే రాపిడి, వేడి రెండు వైపులా ఒకేలా ఉండవు, బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగవచ్చు. మలుపులో అది ప్రమాదం. కాబట్టి రెండూ మారుస్తున్నాను.

మందం బాగున్నా మార్చాల్సిన సందర్భాలు కూడా రాసుకున్నాను. అంచు దాకా వచ్చిన పగులు కనబడితే ఆ డిస్కుతో మళ్లీ రోడ్డెక్కకూడదు. ముఖం మీద సన్నటి వెంట్రుకల్లాంటి వేడి గీతలు కొన్ని ఉంటే గమనిస్తూ ఉండొచ్చు, అవి కలిసి పొడుగు పగులైతే మాత్రం తీసేయాలి. నీలి మచ్చలు పడ్డ చోట ఇనుము అతిగా వేడెక్కి గట్టిపడి ఉండొచ్చు. అలాంటి గట్టి మచ్చ లేత్ కింద కూడా సులువుగా పోదు, చుట్టూ మెత్తటి ఇనుము అరిగి అది గుట్టలా లేస్తుంది, వణుకు తిరిగి వస్తుంది. గోరు పట్టుకునేంత లోతు గాళ్లు ఉంటే గాడి అడుగున మందం కొలవాలి, పైన కొలిచి సంతోషించకూడదు. రాత్రి వాన తర్వాత పొద్దున కనబడే ఎర్రటి తుప్పు పొరకు మాత్రం భయపడక్కర్లేదు, నాలుగు బ్రేకులకు తుడుచుకుపోతుంది. నెలల తరబడి కదలని కారులో తుప్పు గుంటలు పడితే అది వేరే విషయం.

ఓడోమీటర్ 61,350: మార్పిడి

కొత్త డిస్కులు రెండూ కలిపి నాలుగు వేల లోపు అయ్యాయి. ప్యాడ్లు, పిన్ను బూట్లు, బ్రేకు గ్రీజు వేరే. కొనేటప్పుడే షాపులో మైక్రోమీటర్ పెట్టాను. షాపతను వింతగా చూశాడు కానీ ఏమీ అనలేదు. 20.02, 20.01. కనీస మందం అచ్చు ఉంది, పార్టు నంబరు పాతదానితో సరిపోయింది. అచ్చు లేని, పేరు లేని డిస్కు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. అది ఎక్కడిదాకా అరగవచ్చో చెప్పేవాళ్లే ఉండరు.

విప్పేటప్పుడు కాలిపర్‌ను హోసుకు వేలాడదీయకూడదు. తీగతో స్ప్రింగుకు కట్టాను. బ్రేకు దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచాను, మాస్కు పెట్టుకున్నాను. పాత డిస్కు హబ్‌కు, అంటే డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగానికి, తుప్పుతో అతుక్కుపోయింది. సుత్తితో కొట్టే అవసరం రాలేదు. డిస్కు మధ్య భాగంలో మరలున్న రంధ్రాలు రెండు ఉన్నాయి. వాటిలో ఎం8 బోల్టులు రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగిస్తే డిస్కు దానంతట అదే ఊడి వచ్చింది. చాలా చిన్నకార్లకు ఈ ఏర్పాటు ఉంటుంది. చూడకుండా సుత్తి ఎత్తితే బేరింగుకు దెబ్బ.

ఎడమ హబ్ ముఖం మీద ఒక పక్క తుప్పు పెచ్చు కట్టి ఉంది. 0.12 ఊపుకు జవాబు ఇదే. హబ్ మీద పెచ్చు మందం కొద్దిగానే ఉన్నా, డిస్కు అంచు మధ్య నుంచి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఊపు దాదాపు రెట్టింపవుతుంది. అలా ఊగే డిస్కు బ్రేకు వేయనప్పుడు కూడా ప్రతి తిరుగుడులో ఒకేచోట ప్యాడ్‌కు తగులుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోటు మిగతా చోట్ల కంటే పలచబడుతుంది. అప్పుడు వణుకు మొదలవుతుంది. జనం "డిస్కు వంగిపోయింది" అంటారు కానీ చాలాసార్లు డిస్కు వంగదు. మందంలో తేడా వస్తుంది, లేదా ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకుంటుంది. కొత్త డిస్కు వేసిన వెంటనే అంతా బాగుండి, కొన్ని నెలలకు మళ్లీ వణుకు వచ్చిందని వాపోయేవాళ్లలో చాలామంది హబ్ శుభ్రం చేయించుకోని వాళ్లే అయి ఉంటారని నా అభిప్రాయం.

హబ్ ముఖాన్ని, స్టడ్ల మొదళ్లను వైరు బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాను. ఈ పనికే ఎక్కువ సేపు పట్టింది, పట్టాలి కూడా. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడిచాను. తొడిగి, నట్లు బిగించి, మళ్లీ డయల్ గేజి పెట్టాను. ఎడమ 0.03. కుడి 0.03.

పిన్నులు శుభ్రం చేసి, కొత్త బూట్లు వేసి, రబ్బరును పాడుచేయని బ్రేకు గ్రీజు పూశాను. పిస్టన్‌ను సి-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి నెట్టేటప్పుడు బ్రేకు నూనె రిజర్వాయర్ మీద కన్నుండాలి. నూనె పైకి పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. బోల్టులన్నీ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచితో బిగించాను. వీల్ నట్లు కూడా అలాగే, ఎదురెదురు వరసలో. ఎయిర్ గన్‌తో ఒక్కో నట్టు ఒక్కోలా బిగిస్తే ఇంత కష్టపడి సాధించిన 0.03 పోతుంది.

కారు కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పంపు చేయాలి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మొదటి ఒకటి రెండు తొక్కుళ్లకు పెడల్ నేలకు తగులుతుంది. గేటు దాటాక ఆ సంగతి తెలియకూడదు.

ఓడోమీటర్ 61,370: సాన పెట్టడం

కొత్త ప్యాడ్, కొత్త డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలి. రేణిగుంట దారిలో తెల్లవారుజామున, వెనక ఎవరూ లేని చోట, 60 నుంచి 10కి మధ్యస్థంగా బ్రేకు వేయడం, మళ్లీ వేగం అందుకోవడం. పది సార్ల దాకా. పూర్తిగా ఆపకూడదు. వేడిగా ఉన్న డిస్కును ప్యాడ్‌తో ఒకేచోట పట్టుకుని నిలబెడితే ఆ చోట ప్యాడ్ పదార్థం ముద్రలా అంటుకుంటుంది, మళ్లీ అదే వణుకు. చివర్లో కొంత దూరం బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లబరిచాను. ముఖం మీద సమానంగా బూడిద రంగు పొర వచ్చింది. 300 కిలోమీటర్ల దాకా కారును కొండకు పంపలేదు. చెల్లెలు బస్సులో వెళ్లింది.

ఓడోమీటర్ 61,900: వేడి కొలతలు

బ్రేకు నూనె కూడా మార్చాను. రెండేళ్లు దాటింది. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం నూనె కొత్తదైతే కనీసం 205 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పట్టాక 140కే మరగవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. కాలిపర్‌లో నూనె మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడల్ మెత్తగా కిందకు పోతుంది, బ్రేకు ఉండదు. మా మాన్యువల్ అనుమతిస్తుంది కాబట్టి డాట్ 4 పోశాను.

తర్వాత చెల్లెలు, నేను కలిసి కొండకు వెళ్లాం. దిగాక అలిపిరి దగ్గర పక్కన ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూశాం. మెరిసే ముఖం మీద ఆ పరికరం తక్కువ చూపిస్తుంది, అందుకని అంచు మీద నల్లబడ్డ చోట పెట్టాం. ఆమె ఎప్పటిలా మూడు, నాలుగు గేర్లలో బ్రేకు మీద కాలుంచి దిగినప్పుడు 210 డిగ్రీలు. మరో రోజు రెండో గేరులో, మలుపుకు ముందు గట్టిగా ఒకసారి బ్రేకు వేసి పూర్తిగా వదిలేస్తూ దిగినప్పుడు 115. దిగడానికి పట్టిన సమయంలో పెద్ద తేడా లేదు. ఎలాగూ 40 నిమిషాలు పట్టాల్సిందే కదా. "ఇంజను అరుస్తుంటే ఏదో పాడవుతుందని భయమేసేదన్నా" అంది. నిమిషానికి 3,000 తిరుగుళ్ల దగ్గర ఇంజనుకు ఏమీ కాదు, అది అలా తిరగడానికే చేసింది. ఇప్పుడు ఆమెకు ఈ పద్ధతే అలవాటైంది. డిస్కుల జీవితం పెంచడానికి ఈ ప్రాజెక్టులో చేసిన వాటన్నిటిలో పైసా ఖర్చులేనిది, ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నమ్ముతున్నాను.

ఓడోమీటర్ 71,400

టైర్ల రొటేషన్‌కు చక్రాలు విప్పారు, ఆ సందుతో మైక్రోమీటర్ తీశాను. ఎడమ 19.87, కుడి 19.87. రెండింట్లోనూ చుట్టూ తేడా 0.01 లోపే. 10 వేలకు 0.15 మి.మీ. అరుగుదల, అందులో మొదట్లో సాన పెట్టినప్పుడు పోయినది కూడా కలిసే ఉంది. పాత ఎడమ డిస్కు 0.25తో పోలిస్తే పెద్ద మార్పే. అన్నిటికంటే నాకు తృప్తి ఇచ్చింది రెండు వైపులా ఒకే అంకె రావడం. లోపలి, బయటి ప్యాడ్లు కూడా సమానంగా అరుగుతున్నాయి, పిన్నులు వేలితో జరుగుతున్నాయి.

ఈ లెక్కన 18 చేరడానికి లక్షా 20 వేల కిలోమీటర్లు పడుతుందని కాగితం చెబుతుంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఒక్క పిన్ను పట్టేస్తే ఆ అంకె బాగా తగ్గిపోతుందని ఈ కారే చూపించింది. ఓడోమీటర్ 80 వేలకు చేరినప్పుడు ఒకసారి కొలతలు తీస్తాను, ప్యాడ్లు మార్చేటప్పుడు మరోసారి. అప్పుడు మిగిలిన మందం వచ్చే ప్యాడ్ల సెట్టుకు సరిపోతే అవే డిస్కులు, లేకపోతే కొత్తవి. వెనక డ్రమ్ముల మీద కూడా గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంది. వచ్చే నెల వాటిని విప్పుతున్నాను.